మాజీ ఏజెంట్లు, పాత మిషన్, 1996 తుఫాను: నా నవలలో తప్పులు పట్టండి

కొబ్బరాకు (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారమండి. నేనొక స్పై థ్రిల్లర్ రాస్తున్నాను. పద్నాలుగు అధ్యాయాలు బాగానే పరిగెత్తింది, పదిహేనోదాంట్లో బండి ఇసుకలో దిగబడింది, ఎంత తోసినా కదలడం లేదు. ఇక్కడ బాగా చదివేవాళ్ళూ, సర్వీసు చేసొచ్చినవాళ్ళూ ఉన్నారు కదా అని మొహమాటం పక్కనపెట్టి అడుగుతున్నాను.

కథ ఇదండి. 1971 యుద్ధం. పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ విశాఖలోనే ఉందని మనవాళ్ళు నమ్మించారు, అది వచ్చింది, డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక రేవు బయటే మునిగిపోయింది. ఇంతవరకూ చరిత్ర. ఆ నమ్మించే పనిలో కింది మెట్టు మీద ముగ్గురున్నారనేది నా కల్పన. చలపతి నేవీ వైర్‌లెస్ కుర్రాడు. సత్యవతి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ (దూరపు ఊళ్ళకి చేసే కాల్స్) కలిపే అమ్మాయి. మూర్తి వాళ్ళ పైవాడు, 'రా' గూఢచారి సంస్థ ఏజెంటు. పాతికేళ్ళ తర్వాత, 1996 నవంబర్ 6న, మన కోనసీమని తుఫాను ఊడ్చేసిన రాత్రి, ముగ్గురూ చలపతి ఇంట్లో ఇరుక్కుపోతారు. గాజీలోంచి బతికి బయటపడ్డ ఒక పాకిస్తానీ నావికుడు పగ తీర్చుకోవడానికి వస్తాడు. క్లైమాక్స్ అంతర్వేది లైట్‌హౌస్ మీద.

ఆ నావికుడు ఇంట్లోకి వచ్చేదాకా రాశాను. వచ్చాక వాడికి మాటలు దొరకడం లేదు.

లాకులసెంటర్

సూపర్ బాబాయ్. వాడికి మాటలెందుకు, తుపాకీ ఇవ్వండి. గాలికి కొబ్బరిచెట్లు విరిగి పడుతుంటే మధ్యలో ఛేజ్ పెట్టారనుకోండి, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరిపోద్ది.

పాతసిగ్నల్

కొబ్బరాకు గారూ, మాటలు దొరక్కపోవడానికి కారణం చాలా చిన్నదండి. గాజీలోంచి ఒక్కడు కూడా బతకలేదు. అందులో ఉన్న 93 మందీ పోయారు. మీరు లేని మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించాలని చూస్తున్నారు.

నేను నేవీలో కమ్యూనికేషన్స్‌లో చేసి రిటైరైనవాణ్ణి. చేరింది 1978లో, అంటే ఇది కళ్ళారా చూసిన సంగతి కాదు, కానీ మా సీనియర్ల నోట వినీ, తర్వాత చదివీ తెలుసు. మీ కథకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

గాజీ కరాచీ నుంచి బయల్దేరింది నవంబర్ 14న. అంతకుముందు అది అమెరికా వాళ్ళ డయాబ్లో, అద్దెకి ఇచ్చారు. పాకిస్తాన్ దగ్గర అంత దూరం వచ్చి పనిచేయగల సబ్‌మెరైన్ అదొక్కటే. విక్రాంత్‌కేమో బాయిలర్ పగిలింది, పూర్తి వేగంతో వెళ్ళలేదు, ఎదురుపడితే ప్రమాదమే. అందుకని దాన్ని అండమాన్ వైపు పంపి దాచారు. అప్పుడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. రాజ్‌పుత్ అని ఒక పాత డిస్ట్రాయర్ ఉంది, సర్వీసులోంచి తీసేద్దామని విశాఖ తెచ్చిన ఓడ. దాని కెప్టెన్ ఇందర్ సింగ్‌ని పిలిచి, నువ్వు కొన్నాళ్ళు విక్రాంత్‌లా నటించు అన్నారు.

ఓడ ఓడలా నటించడమేమిటని కుర్రాళ్ళకి అనుమానం రావచ్చు. సముద్రం మీద నటనంతా వైర్‌లెస్‌లోనే. పెద్ద ఓడ ఉందంటే దాని చుట్టూ మెసేజీల రద్దీ ఉంటుంది. లోపలి మాట అర్థం కాకపోయినా, ఎంత మాట్లాడుతున్నారు, ఎటువైపు నుంచి మాట్లాడుతున్నారు అన్నది బట్టే ఎదుటివాడు లెక్కగట్టేస్తాడు. అందుకని రాజ్‌పుత్ నుంచి ఆ రద్దీ పుట్టించారు. పైగా ఒక నావికుడు తన తల్లికి బాగాలేదట, ఎలా ఉందో చెప్పమని అడుగుతున్నట్టు మామూలు భాషలోనే ఒక తంతి కూడా వదిలారు. యుద్ధం ముంగిట ఇంత అజాగ్రత్తగా ఉన్నారేంటని వినేవాడు నవ్వుకుంటాడు. నవ్వుకున్నాడంటే నమ్మేశాడన్నమాటే.

ఇంకొకటి నాకు బాగా నచ్చింది. విక్రాంత్ మీద వెయ్యిమందికి పైనే ఉంటారు కదా, అంతమందికీ సరిపడా మాంసం, కూరగాయలు విశాఖ కాంట్రాక్టర్లకి ఆర్డర్ పెట్టించారు. బజార్లో గూఢచారులుంటారు, ఈ ఆర్డర్ చూసి పైకి చేరవేస్తారని. కృష్ణన్ గారు తన జ్ఞాపకాల్లో ఇదంతా చెప్పుకున్నారు.

గౌతమీగట్టు (యానాం)

సిగ్నల్ గారు చెప్పాక నేను చెప్పడానికి పెద్దగా మిగల్లేదు గానీ, ఇంకో రెండు రంధ్రాలు.

ఒకటి, మూర్తి రా ఏజెంటు కాలేడు. రా పుట్టింది 1968 సెప్టెంబర్‌లో, కావ్ గారి కింద, బయటి దేశాల పని కోసం. విశాఖ బజార్లో ఎవడు ఎవడితో మాట్లాడుతున్నాడో చూసేది ఐబీ (దేశం లోపలి నిఘా చూసే ఇంటెలిజెన్స్ బ్యూరో), రేవు వరకు అయితే నేవీ ఇంటెలిజెన్స్. ప్రతి సినిమాలోనూ టీస్టాల్ దగ్గర పేపర్ పట్టుకుని కూర్చున్నవాడల్లా రా అయిపోయాడు, మీరైనా మార్చండి.

రెండు, మీరు డిసెంబర్ 3 రాత్రిని చిమ్మచీకటి అని రాసి ఉంటారని నా పందెం. ఆ ఏడాది మార్గశిర పౌర్ణమి డిసెంబర్ 2న. మర్నాడు రాత్రంటే ఇంచుమించు నిండు వెన్నెల. కింద ఊరంతా బ్లాకౌట్, పైన వెన్నెల, అదే అసలు భయంగా ఉంటుంది.

కొబ్బరాకు

చిమ్మచీకటి అని రెండుసార్లు రాశానండి. ఒకచోట "కాటుక లాంటి" అని కూడా ఉంది. కొట్టేశాను.

నావికుడు పోయాడంటే ఆరు అధ్యాయాలు పోయినట్టే. ఆయ్, పోతే పోయాయి. కానీ వాడు పోతే వీళ్ళని వెంటాడేదెవరు? ఆ 93 మంది చావేనా?

లాకులసెంటర్

తంతి ఉందిగా బాబాయ్. చలపతి ఆ దొంగ తంతిలో సొంత అమ్మ పేరే పెట్టేశాడనుకోండి. నెల తిరక్కుండా నిజంగానే ఆవిడ పోయిందనుకోండి. ఏడిపించెయ్యొచ్చు.

పూతరేకు (పుట్టింది ఆత్రేయపురం, ఉండేది హైదరాబాద్)

వద్దు తమ్ముడూ, అమ్మని చంపితే ఏడుపు ఎప్పుడైనా వస్తుంది, అది రచయిత గొప్పేం కాదు.

93 మంది సంగతి నేను కొంచెం ఆలోచించాను. యుద్ధంలో ఎదుటివాడి సబ్‌మెరైన్ మునిగితే మనవాళ్ళకి నిద్ర పట్టకపోవడం ఉంటుందా? ఉండొచ్చు, కాదనను. కానీ అది ఊరందరూ శభాష్ అన్న పని, పైగా యుద్ధం. శభాష్ అన్న పని మనిషిని పాతికేళ్ళు తినెయ్యదు. ఎవరికీ చెప్పుకోలేనిదే తినేస్తుంది. కొబ్బరాకు గారూ, మీ ముగ్గురూ ఎవరికీ చెప్పుకోలేని పని ఏం చేశారు? అది మీకే తెలీదు, అందుకే బండి ఆగింది.

డెల్టా_డౌట్లు

నాదొక డౌట్. గాజీని అసలు రాజ్‌పుత్ ముంచిందా, లేక అదే పేలిపోయిందా? ఇంట్లో మా మావయ్య ఒకటి చెప్తాడు, మా సార్ ఇంకోటి.

పాతసిగ్నల్

రెండు వాదాలూ ఉన్నాయి. రేవు దాటుతుండగా నీళ్ళలో అలజడి కనిపించి రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు (నీళ్ళ లోపల పేలే బాంబులు) వేసింది, దాంతోనే పోయిందని మన నేవీ మాట. తన మైన్ తనకే తగిలిందనో, లోపలే పేలుడు జరిగిందనో పాకిస్తాన్ మాట. అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు విశాఖలో కిటికీ అద్దాలు అదిరేలా వినపడటం, తర్వాత మన జాలర్లు సముద్రం మీద తేలిన సామాను పట్టుకొచ్చి ఇవ్వడం మాత్రం రెండింటికీ ఒకటే. నవలకి ఈ తేల్చని స్థితే మంచిది. చలపతి ముంచామనుకుంటాడు, మూర్తి అదే పేలిందనుకుంటాడు, ఎవడికి ఏది నమ్మితే నిద్ర పడుతుందో వాడు అది నమ్ముతాడు.

లాకులసెంటర్

పాకిస్తాన్ మాట నమ్మేవాళ్ళు ఇక్కడ కూడా ఉన్నారా, ఇదెక్కడి

నిర్వాహకుడు

ఆ గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడికెళ్ళి పడండి. ఇక్కడ నవల సంగతి మాత్రమే. దీని కింద వచ్చిన మూడు పోస్టులు తీసేశాను.

గౌతమీగట్టు

పూతరేకు గారి మాట పట్టుకుని రెండు నిజమైన కేసులు చెప్తాను.

1973 జులై 21, నార్వేలో లిల్లెహామర్ అనే చిన్న ఊరు. అంతకుముందు ఏడాది మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 11 మంది ఇజ్రాయెల్ జట్టు వాళ్ళు చనిపోయారు కదా, దాని వెనక ఉన్నాడనుకున్న అలీ హసన్ సలామే కోసం ఇజ్రాయెల్ గూఢచారి సంస్థ మొసాద్ వెతుకుతోంది. ఈ ఊళ్ళో ఒకణ్ణి చూసి వాడే అనుకున్నారు. రాత్రి సినిమా చూసి, కడుపుతో ఉన్న భార్యతో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, ఆవిడ కళ్ళ ముందే కాల్చేశారు. తీరా చూస్తే అతను మొరాకో నుంచి వచ్చి హోటల్లో వెయిటర్‌గా చేస్తున్న అహ్మద్ బూషికి. ఏ పాపమూ ఎరగడు. మర్నాడు ఏజెంట్లలో ఇద్దరు ఆ ఊళ్ళో తిరిగిన అదే అద్దెకారు తిరిగిచ్చేద్దామని విమానాశ్రయానికి వెళ్ళి దొరికిపోయారు. అంత పేరున్న సంస్థ, కారు నంబరు దగ్గర పడిపోయింది. వాళ్ళలో ఒకడికి ఇరుకు గదంటే భయమట, సెల్లో పడేసరికి తెలిసిందంతా చెప్పేశాడు. ఐదుగురికి శిక్షలు పడ్డాయి.

అసలు సలామేని 1979లో బీరూట్‌లో కారు బాంబుతో చంపారు. అది జరిగాక ఈ వెయిటర్ గురించి ప్రపంచం మర్చిపోయింది. ఇజ్రాయెల్ ఆ కుటుంబానికి పరిహారం ఇచ్చింది 1996లో, అది కూడా తప్పు మాదే అని ఒప్పుకోకుండా. చూడండి, మీ తుఫాను సంవత్సరమే. ఇరవై మూడేళ్ళు! డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారు గానీ ఒక్క మాట అనడానికి ఒప్పుకోలేదు.

రెండోది మన దేశంలోదే, 1965. చైనా అంతకు ముందు ఏడాదే లాప్‌నార్‌లో అణుబాంబు పరీక్షించింది. దాన్ని కనిపెట్టడానికి అమెరికా సీఐఏ, మన ఐబీ కలిసి హిమాలయాల్లో నందాదేవి శిఖరం మీద ఒక యంత్రం పెడదామనుకున్నాయి. కరెంటు కోసం ప్లుటోనియంతో నడిచే జనరేటర్. అక్టోబర్‌లో దాదాపు పైదాకా వెళ్ళారు, మంచు తుఫాను వచ్చింది, మనుషులు బతికితే చాలని జట్టు నాయకుడు కెప్టెన్ కోహ్లీ సామాను అక్కడే రాళ్ళకి కట్టించి కిందికి దింపేశాడు. 1966లో మళ్ళీ వెళ్తే అది లేదు. కొండచరియతో పాటు జారిపోయిందనుకున్నారు. ఇప్పటికీ దొరకలేదు. 1978లో పత్రికలో బయటపడితే మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకున్నారు. 2021 ఫిబ్రవరిలో రిషిగంగ వరద వచ్చినప్పుడు అక్కడి పల్లెల జనం మొదట అనుమానించింది దీన్నే.

ఇందులో ఎవర్నీ కాల్చలేదు. తుపాకీ లేదు, ఛేజ్ లేదు. ఆ పెట్టె వెచ్చగా ఉండేదట, మోసే షెర్పాలు చలికి దాని పక్కన చేరేవారట, అది ఏమిటో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నాకు ఆ ఒక్క సంగతే గుర్తుండిపోయింది.

డెల్టా_డౌట్లు

అమ్మో. ఇప్పుడు ఆర్టీఐ వేసి అడగొచ్చా సార్ ఇలాంటివి?

గౌతమీగట్టు

వెయ్యి, జవాబు రాదు. ఆర్టీఐ చట్టం వచ్చిందే 2005లో. ఐబీ, రా లాంటివాటిని 24వ సెక్షన్ కింద పక్కన పెట్టారు, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన లాంటి ఆరోపణలకి తప్ప. కథ నడిచే 1996లోనైతే అడగడానికి అడ్రసే లేదు. ఉన్నదల్లా 1923 నాటి అధికార రహస్యాల చట్టం, నోరు మూసుకోమని.

పూతరేకు

షెర్పాల మాట చదివి నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. సంబంధం ఏమిటో చివర్లో తెలుస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

తాతయ్యది గోదావరి లంకల్లో (నది మధ్య దిబ్బల్లో) పండే కూరగాయల వ్యాపారం. వంకాయ, బెండ, దొండ, సొర, అరటి. ఒకసారి ఒక పెద్ద వసతిగృహానికి (పేరు చెప్పను) నెలల తరబడి సరుకు పంపాడు. అక్కడ అధికారి మారిపోయాడు, కొత్తాయన నేను తెప్పించలేదు కదా అన్నాడు, పాతాయన నా చేతిలో లేదు కదా అన్నాడు. బిల్లు ఉండిపోయింది. ఊదారంగు కార్బన్ కాపీ. కొట్లో మేకుకి వంచిన ఇనప తీగకి గుచ్చి ఉండేది, మిగతా బిల్లులు వస్తూ పోతూ ఉండేవి, అది మాత్రం అట్టడుగున తీగ మొదట్లో, తుప్పు మరక చుట్టూ గుండ్రంగా పడి. ప్రతి ఉగాదికీ కొత్త పద్దు పుస్తకానికి పసుపు రాసి తెరిచేవాడు. మొదటి పేజీలో శ్రీరామ, దాని కింద లాభం, దాని కింద రావలసినవి అని రాసి, మొట్టమొదట ఈ బాకీ ఎత్తేవాడు. ఏటా అదే అంకె, అదే పేరు. మా మావయ్య "ఇంకెందుకు నాన్నా రాయడం, అది రాదు" అంటే, "రాకపోతే రాకపోయింది, రాయకపోతే నేనే అబద్ధం చెప్పినట్టురా" అనేవాడు. పోయేదాకా రాశాడు.

ఇప్పుడు సిగ్నల్ గారి పోస్టు మళ్ళీ చదవండి. విక్రాంత్ కోసమని కాంట్రాక్టర్లకి కూరగాయల ఆర్డర్. ఓడ లేదు. మరి ఆ కాంట్రాక్టర్ కింద సరుకు పంపేవాడు ఒకడుంటాడు కదా, లంకలో. వాడికి ఎవరు చెప్పారు ఓడ లేదని?

లాకులసెంటర్

అక్కా. ఒళ్ళు జలదరించింది. తుపాకీ వెనక్కి తీసుకుంటున్నా.

పాతసిగ్నల్

జరిగిన ఆర్డర్ల డబ్బు ఎగ్గొట్టారని అనుకోవద్దు, అలా అని నేనెక్కడా వినలేదు. నవలలో కల్పనగా మాత్రం అద్భుతంగా ఉంటుందమ్మా. ఒక్క సలహా. అలాంటి పని చేయించాలంటే ఏజెంట్లు నోరు గట్టిగా ఉన్నవాణ్ణి ఎంచుకోరు. నోరు నిలవనివాణ్ణే ఎంచుకుంటారు. "ఎవరికీ చెప్పకు, పెద్ద ఓడ వస్తోంది" అని చెప్పి వదిలేస్తారు. వాడు సాయంత్రానికి నలుగురికి చెప్తాడు, ఆ నలుగురిలో ఎవడో ఒకడు మనక్కావలసినవాడు.

కొబ్బరాకు

రాత్రంతా నిద్ర లేదండి. చెప్తాను వినండి.

అతని పేరు సూర్యం. కపిలేశ్వరపురం వైపు లంకల్లో కూరగాయలు కొని విశాఖకి లారీలో పంపుతాడు. మంచివాడు, మాటకారి, ఏదీ కడుపులో దాచుకోలేడు. మూర్తి (ఐబీ, మార్చేశాను) అతణ్ణి అందుకే ఎంచుకున్నాడు. సత్యవతి ఎక్స్ఛేంజిలో కూర్చుని అతని కాల్ విన్నది. ఆర్జెంట్ కాల్ బుక్ చేసి, మూడు నిమిషాల్లో ఒక నిమిషం రేటు గురించి, రెండు నిమిషాలు ఓడ గురించి మాట్లాడాడు. ఆమె విని, "పని అయింది" అని రాసి పంపింది. నవ్వుకుంది కూడా.

4వ తేదీ తెల్లారేసరికి ఆర్డర్ రద్దు. అప్పటికే లారీ తునిలో ఉంది. సరుకు కుళ్ళింది. పది రోజుల తర్వాత స్థానిక పోలీసులు సూర్యాన్ని తీసుకెళ్ళారు, యుద్ధ రహస్యం బయటపెట్టాడని. ఆ ఏడాదే వచ్చిన మీసా (విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) కింద లోపల వేశారు. పట్టుకున్నవాళ్ళకి అది అబద్ధపు రహస్యమని తెలీదు. తెలిసింది ముగ్గురికే. ఒక్క మాట చెప్తే వదిలేస్తారు. చెప్పకూడదు. చలపతి చెప్దామన్నాడు, మూర్తి వద్దన్నాడు, సత్యవతి ఏమీ అనలేదు.

అతను బయటికొచ్చాడు గానీ ఊళ్ళో ద్రోహి అన్న పేరు పోలేదు. తుఫాను రాత్రి తలుపు తట్టేది పాకిస్తాన్ నావికుడు కాదు. సూర్యం కూతురు. చేతిలో బిల్లు.

పూతరేకు గారూ, మీ తాతగారి తీగా, కార్బన్ కాపీ వాడుకోవచ్చా?

పూతరేకు

వాడుకోండి. అంకె మాత్రం పెద్దది వెయ్యకండి. లక్షలంటే అది పగ అయిపోతుంది. వేలల్లోనే ఉండాలి, ఇచ్చెయ్యగలిగినంత.

సత్యవతి ఏమీ అనలేదు అన్నారే, అది నాకు నచ్చింది, కానీ దాన్ని దాటేసి పోకండి. మన మగ రచయితలు ఆడ ఏజెంటుకి ఒక ప్రేమకథ అంటగట్టి పక్కన కూర్చోబెడతారు. ఈమె ఆ గొంతు విన్న మనిషి. మిగతా ఇద్దరికీ సూర్యం ఒక పేరు, ఒక లారీ. ఆమెకి గొంతు. కూతురు గుమ్మంలో నోరు తెరవగానే ఆ మాట తీరు మొదట గుర్తుపట్టేది సత్యవతే కావాలి.

డెల్టా_డౌట్లు

అయితే బిల్లు డబ్బు ఇచ్చేస్తారా చివర్లో?

లాకులసెంటర్

చలపతి ఇవ్వబోతాడు, ఆ పిల్ల తీసుకోదు. పక్కా.

గౌతమీగట్టు

తీసుకోకపోవడం సినిమా. తీసుకోవాలి. తీసుకుని రసీదు రాసివ్వాలి. రసీదు మీద "దేని నిమిత్తం" అన్న గీత ఉంటుంది కదా, అక్కడ ఏం రాయాలో ఆ ముగ్గురినే అడగాలి. నార్వేలో పరిహారం ఇచ్చినవాళ్ళు ఇరవై మూడేళ్ళకి కూడా పూరించని గీత అదే.

పాతసిగ్నల్

ఈ మాటకి నేను లేచి సెల్యూట్ కొట్టానండి, ఇంట్లో మా ఆవిడ ఏమైందని అడిగింది.

కొబ్బరాకు

పదిహేనో అధ్యాయం మొదలు ఇలా రాశాను. మళ్ళీ తిట్టండి.

"ఆరింటికే కరెంటు పోయింది. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది, తెచ్చిన ప్రమిదలు అటక మీద ఉన్నాయి, చలపతి స్టూలు వేసుకుని రెండు దించాడు. గాలి మొదట్లో ఈలలా ఉండేది, ఎనిమిది దాటాక లారీ ఇంజనులా అయింది, ఆగకుండా ఒకే మోత. పెరట్లో చెట్లు పడటం వినపడేది కాదు, నేల అదిరితే తెలిసేది. సత్యవతి లెక్కపెడుతోంది. పదకొండు అంది. మూర్తి, మన చెట్లు తొమ్మిదే కదా అన్నాడు. పక్కవాళ్ళవి కూడా ఉంటాయిగా అంది. అప్పుడు తలుపు చప్పుడైంది. గాలి కొట్టే దెబ్బ కాదు, మనిషి వేళ్ళతో కొట్టింది, మూడుసార్లు, కాస్త ఆగి మళ్ళీ మూడు. చలపతి గడియ తియ్యగానే తలుపు అతని మీదికి వచ్చింది. బయట ఒక అమ్మాయి, ముప్పై ఉంటాయేమో, చీర ఒంటికి అతుక్కుపోయి, గుండెల దగ్గర ఒక పాలిథిన్ సంచి రెండు చేతులా పట్టుకుని. 'కోటిపల్లి నుంచి వస్తున్నానండి' అంది, 'చలపతి గారంటే మీరేనా, కొంచెం పనుండి వచ్చాను'. కొంచెం పనుండి. సత్యవతి లెక్కపెట్టడం ఆపేసింది."

పూతరేకు

"కొంచెం పనుండి" దగ్గర ఆగిపోయాను. మన వైపు వాళ్ళు ఇల్లు అమ్మడానికి వచ్చినా అలాగే అంటారు. ఒక్కటే, మూర్తి "మన చెట్లు" అనకూడదు, ఇల్లు అతనిది కాదు. చలపతి చేత అనిపించండి.

పాతసిగ్నల్

ఆ రాత్రి నేను సెలవు మీద ముమ్మిడివరం దగ్గర మా అత్తవారింట్లో ఉన్నానండి. లారీ ఇంజను పోలిక సరిగ్గా ఉంది. తెల్లారి చూస్తే తోటలో చెట్లన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకున్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. అది పదహారో అధ్యాయానికి ఉంచుకోండి.

గౌతమీగట్టు

అంతా బాగుంది గానీ, ఆ అమ్మాయి కోటిపల్లి నుంచి ఎలా వచ్చింది మాస్టారూ? మధ్యలో గౌతమి (గోదావరి పాయ) ఉంది. ముక్తేశ్వరం రేవుకి పంటు (మనుషుల్ని, బళ్ళని దాటించే పడవ) ఆ రోజు ఏ సరంగూ వెయ్యడు. యానాం దగ్గర వంతెన ఎక్కిద్దామంటే దానికి పెట్టింది బాలయోగి గారి పేరు, ఆయన పోయిందే 2002 మార్చిలో, 1996లో అక్కడ కూడా పంటే. రావులపాలెం చుట్టు తిప్పినా చివరి మైళ్ళన్నీ రోడ్డు మీద చెట్లు.

కొబ్బరాకు

ఆయ్, చచ్చాను. ముందురోజు సాయంత్రమే దాటించి అమలాపురంలో చుట్టాలింట్లో ఉంచితే?

గౌతమీగట్టు

ఉంచండి. అప్పుడు తుఫాను రోజు పగలు ఈ ఇంటి ముందు నుంచి రెండుమూడు సార్లు నడిచి వెళ్ళి ఉంటుంది, తలుపు తట్టే ధైర్యం రాక. సత్యవతి చూసి ఉంటుంది.

కొబ్బరాకు

చూసింది. పద్నాలుగో అధ్యాయంలోకి వెళ్ళి ఇప్పుడే రాస్తున్నాను.